తాత కళ్లజోడు సీను ఎందుకు చప్పగా ఉంది: పిల్లల సినిమాలో నాటకాంశాలు పనిచేసే తీరు

మీ సీను మూడు పేజీలు, అంటే తెర మీద ఇంచుమించు మూడు నిమిషాలు. ఐదేళ్ల తమ్ముడు ఆడుకుంటూ తాత కళ్లజోడు విరగ్గొడతాడు. తొమ్మిదేళ్ల అక్క చూస్తుంది. అమ్మ వచ్చి "ఎవరు చేశారిది?" అని గద్దిస్తుంది. తమ్ముడు ఏడుస్తాడు, అక్క నిజం చెబుతుంది, అబద్ధమాడకూడదని అమ్మ నాలుగు మంచి మాటలు చెప్పి ఇద్దర్నీ దగ్గరకు తీసుకుంటుంది. పాత్ర, ఘర్షణ, ఉత్కంఠ, స్థలం, కాలం, ప్రతీక అన్నీ పెట్టాననీ, అయినా చూస్తున్న పిల్లలు మధ్యలోనే దిక్కులు చూశారనీ రాశారు. ఏ అంశం తగ్గిందని మీ ప్రశ్న.

ఏదీ తగ్గలేదు. ఉన్నవాటికి ఒకదానితో ఒకదానికి ముడి పడలేదు, అంతే. మీరు వాటిని జాబితాలోంచి ఒక్కొక్కటే తీసి సీనులో పెట్టారు. స్థలం గది అయింది, కాలం సాయంత్రం అయింది, ప్రతీక కళ్లజోడు అయింది. కానీ ఆ గది వంటిల్లయినా, ఆ సాయంత్రం ఉదయమైనా, ఆ కళ్లజోడు పూలకుండీ అయినా సీను అక్షరం మారదు. ఒకటి కదిపితే మిగతావన్నీ కదలాల్సిందే అన్నట్టు ఉంటేనే అవి నాటకాంశాలు. లేకపోతే సామాన్లు.

పిల్లల సినిమాలో ఆ ముడి వేసేది కోరిక. ఈ క్షణంలో, ఈ గదిలో, ఈ పిల్లకు ఏం కావాలి? మీ సీనులో తమ్ముడికి తిట్లు పడకూడదు, అక్కకూ అంతే, అమ్మకు నిజం తెలియాలి. మూడూ మనసులో ఉండే సంగతులే. కెమెరాకు దొరకవు, ఐదేళ్ల నటుడికి అసలే దొరకవు. పాత్రకు ఏం కావాలో తేల్చుకోమని రష్యన్ రంగస్థల దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ నటులకు నేర్పాడు. పిల్లల దగ్గరకు వచ్చేసరికి ఆ కోరికను ఇంకో మెట్టు కిందికి, వస్తువు దాకా, చేతిపని దాకా దించాలి. ఇరాన్ దర్శకుడు మజీద్ మజీదీ తీసిన 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్' (1997)లో పరుగుపందెం చూడండి. ఆ కుర్రాడికి మొదటి స్థానం అక్కర్లేదు, మూడోదే కావాలి. మూడో బహుమతి బూట్ల జత, అది చెల్లెలికి కావాలి. అందుకే మొదటివాడిగా వచ్చి కుంగిపోతాడు. పందెం మామూలుదే. కోరిక బూట్లంత స్పష్టంగా ఉండటంతో గెలుపే ఓటమైంది.

మీ సీనుకు అలాంటి కోరిక ఇది: తాత నిద్ర లేచేలోగా, ఊడిన అద్దాన్ని ఫ్రేములో బిగించి, కళ్లజోడును బల్ల మీద ఎప్పటి చోట పెట్టెయ్యాలి. ఇది అక్క కోరిక. దీనికి మొదలూ చివరా ఉన్నాయి. నెగ్గుతోందో ఓడుతోందో మాట లేకుండానే కనిపిస్తుంది.

"ఊడిన" అన్నది గమనించండి. మీ సీనులో కళ్లజోడు విరిగింది. విరిగితే పని అయిపోయింది, ఇక మిగిలేది విచారణే. ఊడితే పని మొదలైంది. ఫ్రేము లోహానిదై ఉండాలి. అలాంటి ఫ్రేముల్లో అద్దం చుట్టూ ఉన్న రింగు పూర్తిగా మూసుకుని ఉండదు, కాడ దగ్గర చిన్న చీలిక ఉంటుంది. దాన్ని బిగించి పట్టేది ఒక బుల్లి స్క్రూ. అది రాలిపోతే రింగు నోరు తెరుస్తుంది, అద్దం ఎన్నిసార్లు నొక్కినా నిలవదు. మొదటి ప్రయత్నం ఎందుకు విఫలమైందో, రెండోది ఎందుకు కావాలో ఈ ఒక్క వివరమే చెప్పేస్తుంది. కారణం తెలియని వైఫల్యం పిల్లలకు విసుగు పుట్టిస్తుంది. తెలిస్తే వాళ్లే ఉపాయాలు ఆలోచించడం మొదలెడతారు. ఆ స్క్రూ తెర మీద ఎటూ కనిపించదు, దాన్ని వెతికే షాట్లు పెట్టకండి. తెరుచుకున్న చీలికను అక్క రెండు వేళ్లతో నొక్కడం, వేళ్లు తీయగానే అది మళ్లీ తెరుచుకోవడం ఒక క్లోజప్‌లో చూపండి, చాలు.

ఇక అమ్మను ఈ సీనులోంచి తీసెయ్యండి. ఇది కష్టమైన సలహా అని తెలుసు, ఆవిడ డైలాగులు మీకు ఇష్టమైనవని చదివితేనే అర్థమవుతోంది. కానీ పెద్దవాళ్లు ప్రశ్నతో గదిలోకి వస్తే సీను పగ్గాలు వాళ్ల చేతికి వెళ్లిపోతాయి. ఆవిడ అడుగుతుంది, పిల్లలు జవాబు చెబుతారు. ఆవిడ క్షమిస్తుంది, పిల్లలు తలూపుతారు. చేసే పనులన్నీ పెద్దావిడవి, పిల్లలవి రియాక్షన్లు మాత్రమే. పిల్లల సినిమాల్లో చప్పబడిన సీన్లలో ఎక్కువ భాగం ఇలా చప్పబడినవే. చిక్కును విప్పాల్సినవాళ్లు పిల్లలు. సరిగ్గా విప్పలేకపోయినా సరే, విప్పడానికి చూడాల్సింది వాళ్లే.

అమ్మ పోతే ఘర్షణ ఎక్కడ్నుంచి వస్తుందంటారా? పిల్లలిద్దరి మధ్యనుంచే. మీరు అక్కాతమ్ముళ్లను ఒకే వైపు నిలబెట్టారు. వాళ్ల కోరికలు ఎదురెదురుగా ఉండనివ్వండి. అక్క దాచాలనుకుంటుంది. తమ్ముడు తాతను లేపి చెప్పేద్దామంటాడు, మంచితనంతో కాదు, ఆ రహస్యం వాడికి మోయలేనంత బరువు కాబట్టి. ఐదేళ్లవాళ్లు నిజంగా అంతే. చెడ్డవాళ్లెవరూ లేకుండా ఘర్షణ దొరికింది. అక్క ఒక చేత్తో అద్దం పట్టుకుని, రెండో చేత్తో తమ్ముడి నోరు మూసి ఉంచాల్సి వస్తుంది. సంబంధం, ఘర్షణ, కదలిక మూడూ ఆ ఒక్క భంగిమలోకి వచ్చేశాయి.

పోయేదేమిటో కూడా వస్తువుగానే కనిపించాలి. "తాతకు కోపం వస్తుంది" అన్నది చాలదు. కళ్లజోడు పక్కన బల్ల మీద పుస్తకం, మధ్యలో గుర్తుగా పెట్టిన కాగితం ముక్క. ఇంతకు ముందు సీనులో, పది సెకన్లు చాలు, తాత పిల్లలకు కథ చదివి వినిపిస్తూ, సరిగ్గా ఆసక్తికరమైన చోట ఆపి ఆ కాగితం పెట్టి ఉండాలి. కళ్లజోడు లేకపోతే కథ లేదు. ఆ నష్టం తమ్ముడిది కూడా. ఈ విత్తనం అదే సీనులో వేస్తే అతికించినట్టు ఉంటుంది, తప్పకుండా ముందు సీనులోనే వెయ్యండి.

కాలం విషయంలో మీరు గోడ గడియారం చూపించారు. చూసేవాళ్లలో సగంమందికి టైము చూడటం రాకపోవచ్చు. ఐదారేళ్లవాళ్లకు "ఇంకా పది నిమిషాలే" అన్న మాటకు బరువు లేదు. కంటికో చెవికో తెలిసే కాలం కావాలి: నిండుతున్న తొట్టి, కరుగుతున్న కొవ్వొత్తి, గోడ మీద పాకుతున్న ఎండ. ఇక్కడ మీకు అంతకంటే మంచిది ఊరికే దొరుకుతోంది, తాత గురక. గురక ఉన్నంతసేపూ పిల్లలకు సమయం ఉంది. గురక ఆగితే లేదు. ఈ నియమాన్ని ఒక్కసారి నేర్పితే చాలు, మూడేళ్ల పిల్లకూ పట్టుబడుతుంది. నేర్పే చోటు మొదట్లోనే ఉంది. కళ్లజోడు నేల మీద పడి టక్కుమన్నప్పుడు గురక ఆగాలి. రెండున్నర సెకన్లు, అంటే సెకనుకు 24 చొప్పున 60 ఫ్రేములు, ఏ శబ్దమూ ఉండకూడదు. తమ్ముడు ఊపిరి బిగబట్టాలి. మళ్లీ గురక. అక్కడి నుంచి ఆ శబ్దం మీ గడియారం. ఒక్క జాగ్రత్త: ఈ ఆగడం సీను మొత్తంలో మూడుసార్లు మించకూడదు. మొదటిది నేర్పడానికి, రెండోది ఉత్తుత్తి బెదిరింపుకు, మూడోది నిజం. నాలుగోసారి ఆపితే పిల్లలు దాన్ని ఆటగా తీసుకుని నవ్వుతారు, ఆ తర్వాత వచ్చే మెలకువకు విలువుండదు.

ఇప్పుడు అసలు మలుపు. ఈ సీను మొత్తానికి ప్రాణం ఇదే కాబట్టి కాస్త నిలబడి చెబుతాను.

మీ సీనులో నిజం బయటపడేది గద్దింపు వల్ల. అంటే భయంతో మొదలై భయంతోనే ముగుస్తుంది, భావం మారనే లేదు. మొదట్లో ఉన్న భావం చివర్లో వేరే భావం అవకపోతే అది సంఘటనే అవుతుంది, సీను కాదు. దీన్ని ఇలా మార్చి చూడండి. అక్క గౌను అంచులోంచి దారం లాగి రింగు చీలిక చుట్టూ చుడుతుంది. అద్దం నిలుస్తుంది. గురక ఆగుతుంది. తాత చెయ్యి బల్ల మీద తడుముతూ వస్తుంది. అక్క ఆ చేతి దారిలోకి కళ్లజోడును జరుపుతుంది. తాత తీసుకుంటాడు, కాడలు విప్పుతాడు, పెట్టుకుంటాడు. ఆ కుదుపుకు దారం జారి అద్దం ఒళ్లోని దుప్పటి మీద పడుతుంది, చప్పుడు లేకుండా. తాతకు తెలియదు. పుస్తకం తీస్తాడు. ఒక కన్ను మూస్తాడు, తెరుస్తాడు. పుస్తకాన్ని దగ్గరకు తెచ్చుకుంటాడు, దూరం పెడతాడు. తనలో తాను, మెల్లగా: "ఈ కన్ను ఇంత మసకైపోయిందేంటి..."

తిట్టలేదు, అడగలేదు. ఆయన భయపడ్డాడు. అక్క ఇంతసేపూ ఆయనకు భయపడింది, ఇప్పుడు ఆయన భయాన్ని చూస్తోంది. దాచాలన్న కోరిక అలాగే ఉంది, దాన్ని మించిన ఇంకో కోరిక పుట్టింది. దుప్పటి మీది అద్దం తీసి ఆయన అరచేతిలో పెడుతుంది. నిజం చెప్పడమంటే ఇక్కడ చేతిపనే, ఒక్క మాటా అక్కర్లేదు. అబద్ధం తప్పన్న మాట మీరు ఎవరి చేతా అనిపించకపోయినా, అబద్ధం ఎవర్ని ఎక్కడ నొప్పిస్తుందో పిల్లలు కళ్లారా చూశారు.

ఈ మలుపు ఎవరికి అందుతుందన్నది మాత్రం లెక్కలోకి తీసుకోండి. తాత ఒకటి అనుకుంటున్నాడు, అది నిజం కాదు, ప్రేక్షకుడికి నిజం తెలుసు. ఎదుటివాడి మనసులో తప్పుడు నమ్మకం ఉండగలదని గ్రహించడం పిల్లలకు పుట్టుకతో రాదు. 1983లో హైన్జ్ వింమర్, యోసెఫ్ పెర్నర్ అనే మనస్తత్వవేత్తలు దీన్ని ఒక చిన్న కథతో పరీక్షించారు. ఒక కుర్రాడు చాక్లెట్‌ను ఒక అరలో పెట్టి బయటికెళ్తాడు, అతను లేనప్పుడు అమ్మ దాన్ని వేరే అరలోకి మారుస్తుంది, తిరిగొచ్చి అతను ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్లవాళ్లు సాధారణంగా అది ఇప్పుడున్న చోటే చూపిస్తారు. నాలుగైదేళ్లు వచ్చేసరికి చాలామంది సరిగ్గా చెబుతారు. కాబట్టి మీ ప్రేక్షకులు ఐదేళ్లు దాటినవాళ్లైతే "అది నీ కన్ను కాదు తాతా!" అని తెర వైపు అరుస్తారు. మూడేళ్లవాళ్లైతే తాత ఎందుకు కంగారుపడుతున్నాడో అర్థంకాక అక్క ముఖంకేసి చూస్తారు. రెండు వయసులవాళ్లూ ఉంటారనుకుంటే, అద్దం జారి పడటాన్ని క్లోజప్‌లో కనీసం రెండు సెకన్లు ఉంచి, ఆ వెంటనే అక్క దాన్ని చూడటం చూపి, ఆ తర్వాతే తాత మాట వినిపించండి. ఈ వరుస తారుమారైతే, అంటే మాట ముందు వచ్చి అద్దం తర్వాత కనిపిస్తే, ఆ క్షణం వట్టి ఆశ్చర్యంగా మిగిలిపోతుంది. పిల్లలు ముందే తెలుసుకుని తల్లడిల్లే అవకాశం పోతుంది.

స్థలం గురించి. మీరు సీనును గది మధ్యలో, నిలబడి ఉన్న మనుషులతో రాశారు. పిల్లలకు గదిలో సొంత భూమి వేరే ఉంటుంది: మంచం కింద, బల్ల కింద, తలుపు వెనక. మరమ్మతు అంతా మంచం కిందే జరగనివ్వండి. పైన గురక, కింద గుసగుస. మంచం అంచు రెండు లోకాల మధ్య సరిహద్దు అవుతుంది. కళ్లజోడు ఆ సరిహద్దు దాటి పైకి వెళ్లాలి, అదే కష్టం. రెండో ప్రయత్నంలో జారిన అద్దం దొర్లి, కిందికి వేలాడుతున్న తాత పాదం పక్కన ఆగితే, గజం దూరం కూడా గండమైపోతుంది.

కొలతలు ఇలా చూసుకోండి. ఐదేళ్ల పిల్లల ఎత్తు సుమారు 110 సెంటీమీటర్లు, తొమ్మిదేళ్లవాళ్లది 130కి కాస్త పైన. నిలబడ్డప్పుడు తమ్ముడి కళ్లు ఇంచుమించు మీటరు ఎత్తులో, నేల మీద కూర్చుంటే అర మీటరు దగ్గర ఉంటాయి. కెమెరా అక్కడ ఉండాలి. పెద్దవాళ్లు నిలబడే ఎత్తులో కెమెరా పెట్టి పిల్లల నడినెత్తి మీదికి చూస్తే ప్రతి షాటూ పెద్దల చూపు అవుతుంది, వాళ్లు చిన్న బొమ్మల్లా కనిపిస్తారు. స్పీల్‌బర్గ్ 'ఈ.టీ.' (1982)లో చాలాసేపు కెమెరాను పిల్లల ఎత్తులోనే ఉంచి, తల్లిని మినహాయిస్తే పెద్దవాళ్ల ముఖాలు చాలావరకు కనబడనివ్వలేదు. మీ సీనులో కూడా చివరి అర నిమిషం దాకా తాత ముఖం చూపకండి. వేలాడే పాదం, గురకకు లేచిపడే దుప్పటి, తడిమే చెయ్యి, అంతే. ఆ చేతిని 24 లేదా 25 ఎంఎం వైడ్ లెన్స్‌తో బాగా దగ్గర్నుంచి తీస్తే బల్ల మీదికి పెద్ద జంతువు వచ్చినట్టు ఉంటుంది. ఈ సీనులో ముఖం మొదటిసారి కనిపించేది కన్ను మూసి తెరిచేటప్పుడు. అప్పటిదాకా ప్రమాదంలా ఉన్న మనిషి ఒక్కసారిగా ముసలాయన అయిపోతాడు. ముఖం ముందే చూపిస్తే ఈ మార్పు మీ చేతికి రాదు.

చూపు నిలిచే చోటు ఒకే ఒక్కటి ఉండాలి. మీరు రాసిన గదిలో బంతి, బొమ్మల రైలు, కిటికీలో పిల్లి ఉన్నాయి. పిల్లి ఫ్రేములో ఉంటే పిల్లలు పిల్లినే చూస్తారు, దానితో మీరు పోటీ పడలేరు. పిల్లికి ఈ సీనులో పని ఉంటే ఉంచండి, లేదంటే తీసెయ్యండి. అలాగే ఒకేసారి రెండు కదలికలు వద్దు. అక్క దారం చుడుతున్నప్పుడు తమ్ముడు కదలకూడదు. తమ్ముడు పైకి తొంగిచూస్తున్నప్పుడు అక్క చేతులు ఆగాలి. నాటకం రిహార్సల్లో చేసే పనే ఇది, సినిమాలో క్లోజప్ ఉంది కదా అని చాలామంది వదిలేస్తారు. వైడ్ షాట్లో ఆ గజిబిజి బయటపడుతుంది.

మాటలకు వద్దాం. మీరు రాసినవి:

"అయ్యో, ఎంత పని చేశావురా! ఇప్పుడు తాత చాలా కోప్పడతారు. నాకు చాలా భయంగా ఉంది."

భావాన్ని దాని పేరుతోనే చెప్పెయ్యడాన్ని మన ఆలంకారికులు దోషంగా లెక్కపెట్టారు. కారణం చూపించు, ఒంట్లో దాని గుర్తు చూపించు, భయమన్న మాట మాత్రం అనకు అన్నది వాళ్ల దారి. కారణాన్ని విభావం, గుర్తును అనుభావం అని విడదీసింది అందుకే. పిల్లల సినిమాకు ఈ నియమం రెండింతలు వర్తిస్తుంది, ఎందుకంటే నిజంగా భయపడ్డ పిల్లలు "భయంగా ఉంది" అనరు, వేరే ఏదో పని చెబుతారు. ఇలా ఉండొచ్చు:

"కదలకు."
"తాతకు చెప్దామా?"
"కదలకన్నానా."
"అక్కా."
"ఏంట్రా?"
"నా కింద ఏదో గుచ్చుకుంటోంది."

వాడు అద్దం మీద కూర్చున్నాడు. ఆరు మాటల్లో అక్క పెద్దరికం, తమ్ముడి తొందర, అద్దం ఎక్కడుందో, అది పగిలిపోవచ్చన్న ప్రమాదం అన్నీ వచ్చాయి, భయమన్న మాట రాలేదు. ఐదేళ్ల నటుడికి ఒక్కోసారి ఆరేడు పదాలు దాటించకండి. దాటితే వాడు అప్పజెప్పడం మొదలెడతాడు, గొంతు ఒకే రాగంలోకి వెళ్లిపోతుంది.

ప్రతీక గురించి మీరు ఎక్కువ ఆందోళన పడుతున్నారు. కళ్లజోడు "చూపు"కు ప్రతీక అని తాత చేత చెప్పించాలనుకున్నారు, వద్దు. వస్తువు చేతులు మారుతున్నకొద్దీ దాని అర్థం తనంతట తానే మారుతుంది. మొదట్లో తమ్ముడికి ఆటవస్తువు, తర్వాత ఇద్దరికీ గుదిబండ, చివరికి అక్క అరచేతిలోంచి తాత అరచేతిలోకి వెళ్లే మాట. అంతకంటే ప్రతీక అక్కర్లేదు. ఒకే వస్తువును సీను పొడవునా వెంబడించండి, రెండో ప్రతీకను తేకండి.

సంగీతం విషయంలో పిల్లల సినిమాల్లో ఒకటే జబ్బు: ఏం అనిపించాలో రీరికార్డింగ్ ముందే చెప్పేస్తుంది. కళ్లజోడు పడగానే ఢమఢమ, అక్క వచ్చేసరికి పిల్లిమొగ్గల వాయిద్యం, చివర్లో వయొలిన్. ఈ సీనుకు గురకే తాళం. దాని మీద సంగీతం పడితే అది ఆగడం వినబడదు, మీ గడియారం చెడిపోతుంది. అద్దం అరచేతిలోకి వెళ్లేదాకా సంగీతం లేకుండా వదిలెయ్యండి. ఆ తర్వాత కావాలంటే ఒక్క వాయిద్యం. గురకను విడిగా, దగ్గరగా మైకు పెట్టి రికార్డు చేసుకోండి, ఎడిటింగ్‌లో పొడుగూ పొట్టీ చెయ్యడానికి అదే దిక్కు. గుసగుసల్లో గాలి తప్ప గొంతు లేకపోతే తెర మీద మాట తెలియదు. పిల్లలకు "గొంతు తగ్గించి మాట్లాడు" అని చెప్పండి, "గుసగుసలాడు" అనకండి. షాట్ అవగానే అదే గదిలో ఆ మాటలే ఇంకోసారి విడిగా పలికించి, ఖాళీ గది నిశ్శబ్దం ఒక అర నిమిషం రికార్డు చేసి పెట్టుకోండి. నిశ్శబ్దం మీద నిలబడ్డ సీనుకు ఆ అర నిమిషం ప్రతి అతుకు దగ్గరా పనికొస్తుంది.

మూడు నిమిషాలను ఇలా పంచుకోవచ్చు: ఆట, కళ్లజోడు పడటం 25 సెకన్లు. అక్క రావడం, ఇద్దరి పేచీ 35. మూడు ప్రయత్నాలు 55. గురక ఆగడం, తడుముడు 25. తాత పొరబాటు, అద్దం చేతిలో పెట్టడం 40. మూడు ప్రయత్నాలకూ సమానంగా సమయం ఇవ్వకండి. మొదటిది పది సెకన్లలో అయిపోవాలి, రెండోది పదిహేను, మూడోది అరనిమిషం. ఆ అరనిమిషంలో దారం ఒక్కో చుట్టూ కనిపించాలి, గురక రెండోసారి ఆగే ఉత్తుత్తి బెదిరింపు కూడా ఇక్కడే రావాలి.

ప్రాపర్టీలుగా ఒకే రకం కళ్లజోళ్లు మూడు కావాలి: ఒకటి బాగున్నది, ఒకటి రింగు తెరుచుకున్నది, ఒకటి దారం ముందే వదులుగా చుట్టి ఉంచినది, తాత పెట్టుకోగానే అద్దం జారేది. మూడింటిలోనూ గాజు వద్దు, అంచులు నున్నగా రాచిన ప్లాస్టిక్ అద్దాలు వెయ్యండి. తమ్ముడు కూర్చునే షాట్లో వాడి కింద అసలు ఏమీ ఉండక్కర్లేదు.

పిల్లలతో తీసేటప్పుడు భావం అడగకండి, పని ఇవ్వండి. "భయపడు" అంటే కనుబొమ్మలు పైకి లేపి నోరు తెరుస్తారు. "ఈ దారం మూడు చుట్లు చుట్టు, గురక ఆగితే చేతులు ఆపెయ్" అంటే నిజమైన ఏకాగ్రత వస్తుంది. అక్క వేసే పిల్లకు దారం చుట్టడం రిహార్సల్లో మరీ బాగా నేర్పకండి. కాస్త తడబడాలి, ఆ తడబాటు నటిస్తే రాదు. తాత మంచం మీద ఎవరైనా నిజంగా గురక పెట్టి నిజంగా ఆపాలి. ఆ నిశ్శబ్దానికి పిల్లలు ఉలిక్కిపడటం టేపులో వేసిన శబ్దానికి రాదు. పిల్లలకు కెమెరా ధ్యాస ఎక్కువగా ఉంటే దూరాన్నుంచే ముఖాన్ని దగ్గరగా చూపే 85 ఎంఎం లెన్స్ వేసుకుని దూరం వెళ్లండి. వీలైతే సీనును వరుసగా తీయండి. 'ఈ.టీ.'ని కూడా ఇంచుమించు కథ వరుసలోనే తీశారు, పిల్లల భావాలు కథతోపాటే పెరగాలని. ఒక్క గది, ముగ్గురు మనుషులు ఉన్న సీనుకు వరుసగా తీయడం వల్ల లైటింగ్ కాస్త ఎక్కువసార్లు మార్చాలి, అంతే.

తమ్ముడి ఏడుపు కోసం వాడిని నిజంగా భయపెట్టడం, ఏదో లాక్కోవడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. అవసరమూ లేదు. 1920ల నాటికే సోవియట్ దర్శకుడు కులెషోవ్ చూపించాడు, ఒకే ముఖాన్ని వేర్వేరు దృశ్యాల పక్కన పెడితే చూసేవాళ్లు దానిలో వేర్వేరు భావాలు చదువుకుంటారని. తమ్ముడు ఊరికే పైకి చూస్తున్న ముఖం, దాని పక్కన తాత పాదం కదిలిన షాట్. భయం చూసేవాళ్లే నింపుకుంటారు. ఏడుపు తప్పదనుకుంటే వెనకనుంచి తీసి భుజాలు ఎగరడం చూపండి, శబ్దం తర్వాత డబ్బింగ్‌లో కలపండి.

ముగింపును ఒక షాట్ ముందే ఆపండి. అద్దం తాత అరచేతిలో పడ్డాక ఆయన వేళ్లు దాని మీద మూసుకుంటాయి. అక్కడ కట్. ఆయన నవ్వాడా, తిట్టాడా అన్నది తర్వాతి సీను మొదటి షాట్ చెప్పాలి: దారం చుట్టిన కళ్లజోడుతో ఆయన చదువుతుండటం, ఊడిన వైపు అద్దాన్ని తమ్ముడు వేలితో నొక్కి పట్టుకుని కూర్చోవడం. కౌగిలింత మీద ఆపితే ప్రశ్న ఆ సీనులోనే చచ్చిపోతుంది, ప్రేక్షకుడిని ముందుకు లాక్కెళ్లేది ఏమీ మిగలదు.

మొదటి ఎడిట్ అయ్యాక సంగీతం లేకుండా పదిమంది పిల్లలకు చూపించండి, మీరు తెర చూడకండి, వాళ్ల ముఖాలు చూడండి. ఎవరైనా పక్కకు తిరిగిన ప్రతిసారీ సెకను రాసుకోండి. ముగ్గురు నలుగురు ఒకే చోట తిరిగారంటే అంతకు ముందున్న పది సెకన్లలో కోరిక కనబడకుండా పోయిందని అర్థం. అక్కడ మాట తీసేసి చేతులు చూపండి. ఇంకోటి, గురక మొదటిసారి ఆగినప్పుడు వాళ్లు కదలకుండా అయిపోతున్నారో లేదో చూడండి. కాకపోతే ఆ నిశ్శబ్దాన్ని ఇంకో 12 ఫ్రేములు పెంచి మళ్లీ చూపించండి.